వీఏలో ‘పర్మనెంట్ అండ్ టోటల్’ హోదా: ఫైలు సర్దుకోవడం నుంచి అప్పీలు దాకా

"నాకు 100 శాతం వచ్చేసింది కదా, ఇక జీవితాంతం ఢోకా లేనట్టేనా?"

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. 100 శాతం అంటే, సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి వీఏ (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) ఇచ్చే రేటింగు. మావ్ని పథకంలో (గ్రీన్‌కార్డు లేని విదేశీయుల్నీ సైన్యంలోకి తీసుకున్న పథకం) చేరినవాళ్లూ అడుగుతారు, ఇక్కడే పుట్టి పెరిగి యూనిఫాం వేసుకున్న పిల్లలూ అడుగుతారు. జవాబు: లేదు. ‘టోటల్’ వేరు, ‘పర్మనెంట్’ వేరు. మీ వైకల్యం పూర్తి స్థాయిలో ఉందా అనేది మొదటి ప్రశ్న. అది జీవితాంతం అలాగే ఉంటుందని చెప్పడానికి తగినంత ఆధారం ఉందా అనేది రెండోది. చాలామంది ఫైళ్లలో మొదటిదానికి వంద కాగితాలుంటాయి, రెండోదానికి ఒక్క వాక్యం కూడా ఉండదు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ వాక్యం కోసమే.

1. ముందు మీ ఉత్తరం తీసి చదవండి

అడగడానికి ముందు, ఇప్పటికే ఇచ్చారేమో చూసుకోండి. హోదా తమకుందని తెలియకుండా ఏళ్ల తరబడి గడిపేసినవాళ్లు ఉన్నారు. నిర్ణయ పత్రంలో ‘పర్మనెంట్ అండ్ టోటల్’ అన్న మాట పెద్దక్షరాల్లో ఏమీ ఉండదు. ఈ మూడు చోట్ల వెతకండి:

☐ నిర్ణయ పత్రంలో డిపెండెంట్స్ ఎడ్యుకేషనల్ అసిస్టెన్స్ (దీన్నే చాప్టర్ 35 అంటారు) అర్హత ‘ఎస్టాబ్లిష్డ్’ అని, పక్కన తేదీతో రాసి ఉందా?

☐ భవిష్యత్తులో పరీక్షలేవీ షెడ్యూల్ చేయలేదని ఉందా? లేక ‘మెరుగుపడే అవకాశం ఉంది, మళ్లీ పరీక్షిస్తాం’ అని ఉందా?

☐ వీఏ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బెనిఫిట్ సమ్మరీ లెటర్ డౌన్‌లోడ్ చేసుకోండి. ‘టోటల్లీ అండ్ పర్మనెంట్లీ డిసేబుల్డ్’ అన్న వరుస ఎదురుగా ‘యస్’ ఉందా, ‘నో’ ఉందా?

మూడోది అన్నిటికంటే స్పష్టం. అక్కడ ‘యస్’ ఉంటే నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

2. మీరు ఏ దారిలో ఉన్నారో తేల్చుకోండి

‘టోటల్’ కావడానికి రెండు దారులున్నాయి.

మొదటిది రేటింగులు కలిసి 100కి చేరడం. ఇక్కడ వీఏ లెక్క మన బడి లెక్కలా ఉండదు. మీకు 70, 50, 30 ఉన్నాయనుకుందాం. మనం కూడితే 150. వీఏ ముందుగా 70 తీసేస్తుంది, మిగిలింది 30. అందులో సగం 15 కలిపితే 85. ఇంకా మిగిలిన 15లో 30 శాతం అంటే నాలుగున్నర. మొత్తం 89.5, దగ్గరి పదికి సర్దితే 90. చెవిలో హోరుకు ఇంకో 10 వచ్చినా 91, మళ్లీ 90 దగ్గరే ఆగుతారు. 100 అనిపించుకోవాలంటే ఈ లెక్కలో 95కి చేరాలి. అందుకే 90 నుంచి 100కి ఎక్కడం అంత కష్టం.

రెండోది టీడీఐయూ. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యంతో బతకడానికి సరిపడే ఉద్యోగం నిలబెట్టుకోలేకపోతున్నారని తేలితే, రేటింగ్ తక్కువగా ఉన్నా 100 శాతం రేటుకే డబ్బు ఇస్తారు. 2025లో ఒంటరి వెటరన్‌కి ఇది నెలకు 3,831 డాలర్ల 30 సెంట్లు ఉండేది. దీనికి ఒకే వైకల్యం 60 శాతమైనా ఉండాలి, లేదా అన్నీ కలిపి 70 ఉండి అందులో ఒకటి కనీసం 40 అయినా ఉండాలి. ఈ గీత దాటనివాళ్లకీ ప్రత్యేక పరిశీలన ఉంది, కానీ ఆ దారి చాలా నెమ్మది.

పర్మనెంట్ హోదా ఈ రెండు దారుల్లోనూ వస్తుంది. టీడీఐయూ వాళ్లకి రాదన్నది ఉత్త పుకారు.

ఒక హెచ్చరిక. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికో, 21 రోజులు దాటి ఆసుపత్రిలో ఉన్నందుకో ఇచ్చే 100 శాతం తాత్కాలికం. క్యాన్సర్‌కి చికిత్స జరుగుతున్నంత కాలం ఇచ్చే 100 కూడా అంతే. చికిత్స ముగిశాక ఆరు నెలలకు తప్పకుండా పరీక్ష పెడతారు. ఇలాంటి 100 మీద పర్మనెంట్ అడిగితే కాలయాపన తప్ప ఏమీ ఉండదు.

3. ఇప్పుడే అడగాలా, ఆగాలా?

ఈ అడుగు దాటేసి నేరుగా ఫారం నింపేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. పర్మనెంట్ కావాలని మీరు రాస్తే, మీ పరిస్థితిని మళ్లీ చూడమని మీరే పిలిచినట్టు. వీఏ పరీక్ష పెట్టవచ్చు. ఆ పరీక్షలో మెరుగుదల కనిపిస్తే, ఉన్న రేటింగుకే ఎసరు రావచ్చు.

నా సలహా ఇలా ఉంటుంది. గత ఏడాది, ఏడాదిన్నర వైద్య నోట్సు ముందుగా మీరే చదవండి. ‘స్టేబుల్’, ‘ఇంప్రూవింగ్’, ‘డూయింగ్ వెల్’ లాంటి మాటలు ఎన్నిసార్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ‘స్టేబుల్’ అంటే భయపడక్కర్లేదు, మారకుండా అలాగే ఉందని చెప్పే మాట మీకే అనుకూలం. ‘ఇంప్రూవింగ్’ పదే పదే ఉంటే మాత్రం ఆగండి.

అడగడానికి మంచి సమయం:

☐ లక్షణాలు ఐదేళ్లకు పైగా చెప్పుకోదగ్గ మెరుగుదల లేకుండా కొనసాగుతున్నప్పుడు

☐ అవయవం కోల్పోవడం, పూర్తి వినికిడి లోపం లాంటి మారే వీల్లేని వైకల్యం ఉన్నప్పుడు

☐ మీకు 55 దాటినప్పుడు. ఈ వయసు తర్వాత మామూలుగా పునఃపరీక్షలు పెట్టరు

☐ చికిత్స అన్ని రకాలుగా చేసి చూశామని, ఇక ఇంతేనని వైద్యుడు రాసివ్వగలిగినప్పుడు

పీటీఎస్‌డీకి (భయానక అనుభవాల తర్వాత వెంటాడే మానసిక సమస్య) పోయిన సంవత్సరమే 100 వచ్చి, వయసు ముప్ఫై రెండు ఉంటే? నన్నడిగితే ఆగమంటాను. క్రమం తప్పకుండా చికిత్సకు వెళ్తూ రికార్డు పెంచుకోండి.

4. ఫైలు పోగేయడం

ఇక్కడ పెట్టే శ్రమే చివరికి ఫలితం ఇస్తుంది. చెక్‌లిస్టు చిన్నదే:

☐ డీడీ-214 (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం)

☐ పాత నిర్ణయ పత్రాలన్నీ, కోడ్ షీటుతో (రేటింగులన్నీ ఒకచోట ఉండే పేజీ) సహా

☐ సీ-ఫైల్ (మీ క్లెయిముల మీద వీఏ దగ్గరున్న మొత్తం ఫైలు) కాపీ. ఫారం 20-10206తో అడగండి. రావడానికి నెలలు పడుతుంది కాబట్టి మొదటి రోజే పెట్టేయండి

☐ వీఏ, ప్రైవేటు వైద్య రికార్డులు

☐ వైద్యుడి లేఖ

☐ మిమ్మల్ని రోజూ చూసేవాళ్ల వాంగ్మూలాలు

☐ సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ వచ్చి ఉంటే ఆ నిర్ణయం. వీఏ దాన్ని పాటించి తీరాలని లేదు కానీ టీడీఐయూలో బరువైన సాక్ష్యం

వైద్యుడి లేఖ ఎలా ఉండాలి?

"ఈయన నా పేషెంటు, చాలా బాధపడుతున్నారు, దయచేసి సహాయం చేయండి" అన్న లేఖ ఎన్ని పేజీలున్నా పనికిరాదు. లేఖలో ఈ అంశాలు, ఈ వరుసలో ఉండేలా అడగండి: వైద్యుడి అర్హత, మిమ్మల్ని ఎన్నేళ్లుగా చూస్తున్నారు, ఏయే రికార్డులు చదివారు, జబ్బు పేరు, ఇప్పటిదాకా చేసిన చికిత్సలు, వాటి ఫలితం, చివరగా ముందు ముందు ఎలా ఉంటుందన్న అభిప్రాయం, దానికి కారణం.

ఆ చివరి వాక్యంలో నిబంధన వాడే మాటలే ఉండాలి. ఈ వైకల్యం ‘రీజనబ్లీ సర్టెన్ టు కంటిన్యూ త్రూఅవుట్ లైఫ్’ అని. ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ ఉంటే ఆ వాక్యం చచ్చినట్టే. ఆ తర్వాత ‘ఎందుకంటే’ ఉండాలి. నడుము డిస్కు అరిగిపోవడం వెనక్కి తిరగని మార్పు, రెండు ఇంజెక్షన్ల కోర్సులు, ఒక ఆపరేషన్ తర్వాత కూడా వంగే కోణం పెరగలేదు, అందువల్ల… ఇలా.

వీఏ వైద్యులు కొందరు ఇలాంటి లేఖ రాయడానికి వెనకాడతారు. గట్టిగా అడిగి సంబంధం చెడగొట్టుకోవద్దు. నోట్సులో ‘ప్రోగ్నోసిస్’ కింద ఒక వాక్యం రాయమని అడగండి, అదీ సాక్ష్యమే. లేదంటే ప్రైవేటు స్పెషలిస్టు దగ్గరికి సీ-ఫైల్ పట్టుకెళ్లండి.

ఇండియాలో వైద్యం చేయించుకున్నవాళ్లకు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూపించుకుంటే చేతికొచ్చేది ఒక చీటీ. దాని మీద నాలుగు మందుల పేర్లు, ఒక సంతకం. జబ్బు పేరే ఉండదు. అది వీఏకి చూపించినా చూపించకపోయినా ఒకటే. డిశ్చార్జి సమ్మరీ గానీ, లెటర్‌హెడ్ మీద రోగ నిర్ధారణ, పరీక్షల ఫలితాలు, రిజిస్ట్రేషన్ నంబరుతో కూడిన నోటు గానీ అక్కడే కూర్చుని రాయించుకోండి. విమానం ఎక్కాక ఫోన్లో అడిగితే ఎవరూ పట్టించుకోరు.

ఇంట్లోవాళ్ల వాంగ్మూలం

ఫారం 21-10210. భార్య, తల్లి, పాత యూనిట్ స్నేహితుడు ఎవరైనా రాయవచ్చు. మనవాళ్లు రాస్తే ఇలా ఉంటుంది: "మా ఆయన చాలా మంచివారు, దేశం కోసం కష్టపడ్డారు." దీనితో రేటర్‌కి (రేటింగు నిర్ణయించే వీఏ ఉద్యోగికి) పని లేదు. కావలసింది ఇలాంటిది: "రాత్రి మూడు సార్లు లేచి తలుపు గడియ చూస్తారు. 2021 నుంచి వేరే గదిలో పడుకుంటున్నారు. పిల్లాడి పుట్టినరోజున జనం వచ్చేసరికి గరాజ్‌లోకి వెళ్లి కారులో కూర్చున్నారు. గ్రాసరీకి నేనే వెళ్తాను. ఐదేళ్లలో ఇది తగ్గలేదు." ఎంత తరచుగా, ఎప్పటి నుంచి, ఏం మానేశారు అనే మూడూ ఉంటే చాలు. అమ్మ తెలుగులోనే రాస్తే అలాగే పెట్టండి, పక్కన ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి సంతకం జతచేయండి.

5. ఫారాలు, వాటి వరుస

పర్మనెంట్ హోదాకంటూ ప్రత్యేక దరఖాస్తు ఫారం లేదు. మీ పరిస్థితిని బట్టి దారి మారుతుంది.

అ) ముందుగా ప్రతినిధిని పెట్టుకోండి. అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంస్థల్లో గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. ఫారం 21-22. లాయరైతే 21-22ఏ.

ఆ) కొత్త క్లెయిమ్, పెంపు, టీడీఐయూ ఏదైనా వేయబోతున్నారా? ఇంటెంట్ టు ఫైల్ పెట్టండి, ఫారం 21-0966. తేదీ ఖాయమవుతుంది, కాగితాలు కూర్చుకోవడానికి ఏడాది గడువు దొరుకుతుంది.

ఇ) 100 ఇంకా రాలేదా? 21-526ఈజెడ్‌తో పెంపు అడగండి. పని చేయలేకపోతుంటే 21-8940 జతచేయండి, చివరి యజమానులకు 21-4192 ఇవ్వండి. యజమాని జవాబివ్వకపోతే, మీరు పంపినట్టు రుజువు దాచుకోండి. బర్న్ పిట్‌ల (సైనిక స్థావరాల్లో చెత్త తగలబెట్టే గోతుల) పొగ పీల్చినవాళ్లు 2022 నాటి పాక్ట్ చట్టం కింద ఆస్తమా, సైనసైటిస్ లాంటివి వేశారో లేదో కూడా చూసుకోండి.

ఈ) 100 వచ్చింది, పర్మనెంట్ రాలేదు, నిర్ణయం వచ్చి ఏడాది లోపే అయితే దాన్నే సమీక్షకు పెట్టడం మంచిది. ఇది 8వ భాగంలో ఉంది.

ఉ) ఏడాది దాటిపోతే ఫారం 21-4138 మీద ఒక పేజీ విజ్ఞప్తి రాసి, వైద్యుడి లేఖ పైన పెట్టి పంపండి. విజ్ఞప్తిలో ఏయే వైకల్యాలు, ఎప్పటి నుంచి ఏ రేటింగు, మెరుగుదల లేదని చెప్పే కాగితం ఏ తేదీది, ఇవి చాలు. మీ జీవితకథ వద్దు.

వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే రసీదు వెంటనే వస్తుంది. పోస్టులో పంపితే విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్‌లో స్కానింగ్ అయ్యాకే ఫైల్లో చేరుతుంది. అప్‌లోడే మేలు.

6. సీ అండ్ పీ పరీక్ష: ‘పర్లేదండీ’ అనకండి

క్లెయిమ్ తేల్చడానికి వీఏ పెట్టే వైద్య పరీక్షే సీ అండ్ పీ. నా మొదటి పరీక్ష సంగతి చెప్తాను. గదిలోకి వెళ్లగానే పరీక్షకుడు "హౌ ఆర్ యూ టుడే?" అన్నాడు. నేను "గుడ్, గుడ్" అన్నాను. మోకాలు వంచమంటే పళ్లబిగువున చివరిదాకా వంచాను. నొప్పి ఎక్కువయ్యే రోజులుంటాయా అంటే, "మేనేజ్ చేసుకుంటున్నానండీ" అన్నాను. ఆ రోజు ఉదయం మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నవాణ్ణి నేనే. రిపోర్టులో పూర్తి కదలిక ఉందని, ఫ్లేరప్స్ చెప్పలేదని వచ్చింది. తప్పు ఆయనది కాదు. నేను చెప్పిందే రాశాడు.

ఇంటికొచ్చిన అతిథికి చెప్పే ‘పర్లేదు’ ఆ గదిలో మీ మీదే సాక్ష్యమవుతుంది. పలకరింపుకి కూడా "ఇవాళ నడుము బాగా పట్టేసింది" అనే చెప్పండి, అది నిజమైతే.

☐ నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడే ఆపి, ఆ మాట పైకి అనండి. కొలిచేది ఆ కోణాన్నే

☐ చెడ్డ రోజులు నెలకెన్ని, ఒక్కోసారి ఎంతసేపు, అప్పుడు ఏం చేయలేరు? చీటీ మీద రాసుకెళ్లండి

☐ రోజూ వాడే కర్ర, బ్రేస్ వేసుకునే వెళ్లండి. రోజూ వాడనివి ఆ రోజుకని వేసుకోవద్దు

☐ మానసిక సమస్యలకు ఉద్యోగం, కుటుంబం, నిద్ర, శుభ్రత, కోపం విషయాలు విడివిడిగా చెప్పండి. మనోళ్లకి సిగ్గుగా ఉంటుంది, తెలుసు. అయినా చెప్పండి

☐ "తగ్గుతుందని మీ డాక్టర్ అన్నారా?" అని అడిగితే, ఏ చికిత్స ఎన్నాళ్లు చేసినా ఏం జరిగిందో చెప్పండి

ఇంటికొచ్చిన రాత్రే ఏం అడిగారో, ఏం చెప్పారో, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోండి. తర్వాత రిపోర్టు తెప్పించి పోల్చుకోండి.

పెంచి చెప్పొద్దు. దొరికిపోతే ఆ ఒక్క అబద్ధం ఫైలంతటినీ మింగేస్తుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

*పరీక్షకు వెళ్లకపోవడం.* ఇండియా ట్రిప్‌లో ఉండగా ఉత్తరం వస్తుంది. వీఏకి, పరీక్ష పెట్టిన కాంట్రాక్టరుకి వెంటనే ఫోన్ చేసి తేదీ మార్పించండి, కారణం లిఖితపూర్వకంగా ఫైల్లో పెట్టండి. ఊరెళ్లే ముందు చిరునామా, ఫోన్ నంబరు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి.

*100 వచ్చింది కదా అని చికిత్స మానేయడం.* ఏడాదిన్నర ఖాళీ ఉంటే, తగ్గిపోయిందేమో అనుకోవడానికి మీరే చోటిచ్చినట్టు. మళ్లీ వెళ్లడం మొదలుపెట్టండి, మధ్యలో ఎందుకు వెళ్లలేదో నోట్సులో రాయించండి.

*100 ఉంటే ఉద్యోగం చేయకూడదని భయపడటం.* మామూలు 100కి అలాంటి నిషేధం లేదు. టీడీఐయూకి ఉంది, అక్కడ సంపాదన పేదరిక రేఖ దాటితే చిక్కే. ఒక్క మానసిక వైకల్యం మీదే 100 ఉన్నవాళ్లు మాత్రం పూర్తి స్థాయి ఉద్యోగంలో చేరేముందు ప్రతినిధితో మాట్లాడండి. ఆ రేటింగుకి ఆధారమే పని చేయలేకపోవడం.

*‘మేం తెప్పిస్తాం’ బ్యాచ్.* పెరిగిన నెలసరి మొత్తాన్ని ఇన్ని నెలలు మాకివ్వండి అని వాట్సాప్‌లో తిరుగుతుంటారు. మొదటి క్లెయిమ్ తయారుచేసినందుకు డబ్బు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వీఏ గుర్తింపు జాబితాలో పేరుందో లేదో చూడండి. లేకపోతే బ్లాక్ చేయండి.

*రేటింగు తగ్గిస్తామన్న ఉత్తరం చూసి టెన్షన్‌తో పక్కన పడేయడం.* అది ప్రతిపాదన మాత్రమే. సాక్ష్యం పంపడానికి 60 రోజులు, విచారణ అడగడానికి 30 రోజులు ఉంటాయి. 30 రోజుల్లోపు విచారణ అడిగితే అది జరిగేదాకా తగ్గింపు ఆగుతుంది. ముందు అదే చేయండి.

8. కాదంటే

నిర్ణయ పత్రం తేదీ నుంచి ఏడాది. క్యాలెండర్‌లో పదకొండో నెలకే గుర్తు పెట్టుకోండి. దారులు మూడు.

హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996. కొత్త సాక్ష్యం తీసుకోరు. ఫైల్లో ఉన్నదాన్నే సీనియర్ రేటర్ మళ్లీ చూస్తారు. ‘మెరుగుదల ఉండదు’ అని పరీక్షకుడే రాసినా పట్టించుకోకుండా పర్మనెంట్ ఇవ్వకపోతే ఇది సరైన దారి. ఫోన్ కాన్ఫరెన్స్ అడగండి. అందులో ఆ వాక్యం ఏ తేదీ కాగితంలో, ఏ పేజీలో ఉందో చెప్పి ఆగండి.

సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. 4వ భాగంలో చెప్పిన లేఖ లేకుండా వెళ్లినవాళ్లకు ఇది. కొత్తది, విషయానికి సంబంధించినది ఏదైనా ఒక కాగితం తప్పనిసరి. నా అనుభవంలో సగం ఫైళ్లకు ఇదే మందు.

బోర్డ్ అప్పీల్, ఫారం 10182. చాలా కాలం పడుతుంది. నిబంధన అర్థం విషయంలోనే తగువు ఉంటే వెళ్లండి. బోర్డు కూడా కాదంటే వెటరన్స్ కోర్టుకి వెళ్లడానికి 120 రోజులు, అక్కడికి లాయరు లేకుండా వెళ్లొద్దు.

9. వచ్చాక మొదటి నెలలో చేయాల్సినవి

☐ ఇంటి పన్ను. ఇది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో సొంతిట్లో ఉంటూ 100 శాతం రేటింగో, టీడీఐయూనో ఉంటే చాలు, పర్మనెంట్ లేకపోయినా పూర్తి మినహాయింపు. వర్జీనియా, న్యూజెర్సీల్లో పర్మనెంట్ కావాలి. కౌంటీ ఆఫీసుకి సమ్మరీ లెటర్ పట్టుకెళ్లండి, వాళ్లంతట వాళ్లు తగ్గించరు

☐ ఛాంప్‌వీఏ. భార్యకు, పిల్లలకు వైద్య కవరేజీ. ట్రైకేర్ (సైన్యం వైద్య బీమా) ఉన్నవాళ్లకు ఇది రాదు. ఫారం 10-10డీ. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటే అది మొదటిది, ఇది రెండోది అవుతుంది

☐ ఫెడరల్ స్టూడెంట్ లోన్లు మిగిలుంటే రద్దు కోసం చూడండి. 100 శాతం, టీడీఐయూ రెండింటికీ వర్తిస్తుంది

☐ పర్మనెంట్ తేదీ ఉన్న పత్రం ఒక కాపీ భార్యకో భర్తకో చూపించి, ఎక్కడ పెట్టారో చెప్పండి. టోటల్ రేటింగు వరసగా పదేళ్లు నడిచాక మీరు పోతే, చావుకి కారణం ఏదైనా వాళ్లకు డీఐసీ (చనిపోయిన వెటరన్ కుటుంబానికి వీఏ ఇచ్చే నెలసరి డబ్బు) రావచ్చు. అప్పుడు ఆ తేదీలే అడుగుతారు

☐ చాప్టర్ 35. ఇక్కడ తొందరపడొద్దు. 2018 ఆగస్టు 1 నుంచి మొదలుపెట్టినవాళ్లకు 36 నెలల చదువు సాయం. 18 దాటి చదువుకుంటున్న పిల్లల పేరిట మీకు అదనంగా వచ్చే డబ్బు, వాళ్లు చాప్టర్ 35 తీసుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆగిపోతుంది, మళ్లీ దానికి తిరిగి రాలేరు. ముందే తెలియక రెండూ తీసుకుంటే, వీఏ ఎక్కువ ఇచ్చామంటూ వెనక్కి కట్టమని ఉత్తరం పంపుతుంది. అడ్మిషన్ వచ్చిన రోజే పిల్లలతో కూర్చుని రెండు లెక్కలూ కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే ఫారం 22-5490 నింపండి